రాగి పలకకు వేసిన కొసరు

ఆ రోజుల్లో నాకు లోకమంతా ఒక పెద్ద కొట్టులాగే కనిపించేది. ఎక్కడికి వెళ్లినా, ఏం కొన్నా, చివర్లో చెయ్యి చాచి "మరి కొసరు?" అని అడగకపోతే అన్నం సయించేది కాదు. గోదావరిఖనిలో మాది కిరాణా కొట్టు. తాత కూర్చున్న కొట్టు, బాపు కూర్చున్న కొట్టు, డిగ్రీలో రెండు పేపర్లు మిగుల్చుకుని ఇరవై ఏళ్లకు నేనూ వచ్చి కూర్చున్న కొట్టు. (ఆ రెండు పేపర్లూ కాలేజీవాళ్లు నాకు కొసరుగా ఇచ్చారని అన్న అనేవాడు.) కిలో పప్పు కొన్నవాళ్లకు బాపు తూకం అయ్యాక ఒక పిడికెడు పైన వేసేవాడు. అది చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి, ఏ పనైనా చెప్పినదానికంటే కాస్త ఎక్కువే చేస్తే మేలు తప్ప నష్టం లేదని గట్టిగా నమ్మేవాణ్ని. ఆ నమ్మకాన్ని మా వదిన ఒక్క రోజులో, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వదిలించింది.

వదిన శ్రీరాంపూర్ కాలనీలో పెరిగిన మనిషి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. కొత్త కోడలిగా వచ్చిన రోజే ఆమె సూట్‌కేసులో పట్టుచీర మడతల మధ్య సోల్డరింగ్ ఐరన్ బయటపడి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కొట్టు పక్కన ఖాళీగా ఉన్న చిన్న గదిలో రిపేరు బల్ల ఒకటి పెట్టుకోవాలని ఆమె కోరిక. బాపు ఆ గదిని కూల్‌డ్రింకుల ఏజెంటుకు ఇద్దామని చూస్తున్నాడు. ఏజెంటు ఆదివారం వచ్చి మాట ఖాయం చేసుకుంటానన్నాడు. ఇంతలో మా ట్యాంకు ఇంకోసారి పొంగింది. పొద్దున మోటారు వేసి బాపు బేరాల్లో పడి మరిచిపోవడం, నీళ్లు గోడ వెంట గోదాములోకి దిగి ఉప్పు బస్తాలు తడవడం మా ఇంట్లో మామూలే. ట్యాంకు నిండగానే మోగే గంట తాను చేస్తానని వదిన అంది. (బజార్లో దొరికేదే. కాని కొనుక్కొస్తే గది ఎవరిస్తారు?) బాపు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

"చెయ్యి బిడ్డ. ఐతారం పొద్దుగాల మోగితే గది నీది. మోగకపోతే ఏజెంటుది."

శనివారం పొద్దున మా డాబా మీద పని మొదలైంది. ఒకవైపు పల్చటి రాగి రేకు అంటించిన చిన్న పలక మీద వదిన మార్కర్‌తో గీతలు గీసింది. మొదటి షిఫ్టుకు పోతూ అన్న దాన్ని చూసి, అచ్చం తమ గనిలో దారుల పటంలా ఉందన్నాడు. తర్వాత ఒక ముదురు పొడిని నీళ్లలో కలిపితే అది మరిగి మరిగి చిక్కబడ్డ చాయ్‌లా తయారైంది. నేను ఉత్సాహంగా కొట్లోంచి కొత్త స్టీలు బేసిన్ ఎత్తుకొచ్చాను. ఈ నీళ్లు రాగినే కాదు, స్టీలునూ తింటాయని చెప్పి ఆమె ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకుంది. పలకను అందులో వేసి, టబ్బును అటూ ఇటూ మెల్లగా ఊపుతూ కూర్చుంది. ఇంకు ఉన్నచోట రాగి నిలుస్తుంది, లేనిచోట కరిగిపోతుంది. నిలిచిన ఆ గీతలే గంటకు కరెంటు మోసే దారులు. ఎవరో లోపల కూర్చుని వేళ్లతో తుడిచేస్తున్నట్టు అంచుల నుంచి రాగి మాయమవుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఇంతలో కింద నుంచి బాపు పిలిస్తే ఆమె లేచింది.

"రాగంత పోయి కింది పలక కనపడంగనే తీసి నీళ్లల్ల ఎయ్యి మరిదీ. ఒక్క నిమిషం సుత ఎక్కువ ఉంచకు."

రాగి పోయింది, కింది పలక కనిపించింది, నాకు బాగా అర్థమైంది కూడా. కాని చెయ్యి ఊరుకోవద్దూ? ఇంత కష్టపడి గీసింది కదా, ఇంకాస్త శుభ్రంగా రానీ అనుకుని మరో పది నిమిషాలు ఊపాను. రామగుండం ఎండల్లో, మే నెలలో, సిమెంటు డాబా మీద పెట్టిన టబ్బు అది. ఆ వేడికి మందు రెట్టింపు ఆకలి మీద ఉందని నాకేం తెలుసు? వదిన వచ్చి పలకను కడిగి, ఇంకు తుడిచి, ఎండకెత్తి చూసింది. గీతలు చీమలు కొరికిన దారాల్లా ఉన్నాయి. సగం చోట్ల తెగిపోయాయి.

"కొసరు ఏసినవా?" అని మాత్రం అడిగింది.

తల ఊపాను. అలాంటి పలక మళ్లీ కావాలంటే కరీంనగర్ పోవాలి, అక్కడా ఆ కొట్టు సోమవారం దాకా తెరవరు. ఆమె ఒక నిమిషం పలకను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ నిమిషంలో నేను ఎంత చిన్నవాణ్నయిపోయానో ఏ తక్కెడా తూచలేదు. తర్వాత కొంగు దోపుకుని లేచి, "పో, ఐసు తేపో" అంది.

ఐసు ఎందుకంటే, గంట డబ్బాకు ముందు బిగించే అల్యూమినియం పలకకు రంగు ఎక్కించాలి. రాగి పనికి వేడి కావాలి, ఈ పనికి చల్లదనం కావాలి. ఐసు ఫ్యాక్టరీ చాచాతో ఎండలో అరగంట బేరమాడి, దిమ్మ మీద ఇంకో పెద్ద ముక్క కొసరుగా సాధించాను. "క్యా బేటా, మీ బాపు సుత ఇంత సతాయించడు" అని ఆయన దాన్ని ఊక బస్తాలో చుట్టి ఇచ్చాడు. సైకిల్ మీద ఇల్లు చేరేసరికి దిమ్మ సగమైంది. ఆ కొసరే లేకపోతే పని సగంలో ఆగేదని వదిన అంది. (ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక్క మెచ్చుకోలు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.) సోడాతో కడిగిన అల్యూమినియం పలకను, నీళ్లు కలిపిన బ్యాటరీ యాసిడ్‌లో వేలాడదీసి, ఎదురుగా సీసపు ముక్క పెట్టి, ఛార్జర్ వైర్లు తగిలించింది. యాసిడ్ వేడెక్కితే పలకకు రంగు పట్టదట, అందుకే చుట్టూ ఐసు. గంటసేపు కదలకుండా థర్మామీటర్ చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని చీరలకు వేసే ఎర్రరంగులో ముంచి, మరిగే నీళ్లలో ఉంచి తీస్తే పండు మిరపకాయ రంగు. బట్టల కొట్లో రంగు పోతుందా అని చూసేవాడిలా నేను తడిగుడ్డతో రుద్దాను, గోటితో గీకాను. చుక్క రంగు అంటలేదు. రంగు పైన పూసింది కాదు, లోపలికి ఇంకింది.

ఇక సాయంత్రం దాకా ఆమె ఆ తెగిన గీతలతో కూర్చుంది. పాత వైరు చీల్చి, వెంట్రుకంత రాగి పోగులు తీసి, తెగినచోటల్లా ఒక్కొక్కటిగా అతికించింది. నేను లెక్కపెడుతూ పదిహేడు దగ్గర సిగ్గుపడి ఆపేశాను.

ఆదివారం పొద్దున ఏజెంటు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గోడకు బిగించే ముందు బాపు ఆ ఎర్రటి డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. బస్తా కొన్నా అడుగు చూడకుండా కొనని మనిషి, దీన్నీ వెనక్కి తిప్పి మూత తీశాడు.

"గిదేంది బిడ్డ? కొత్తదానికి గిన్ని కుట్లేంది?"

వదిన నా వైపు చూడను కూడా లేదు. అతుకులది ఎన్ని రోజులు నడుస్తది సేటూ అని ఏజెంటు మెల్లగా ఒక పుల్ల వేశాడు.

"వదినె మంచిగనే చేసింది బాపూ. నేనే పది నిమిషాలు కొసరు ఏసిన. రాగి తెగిపోయింది."

బాపు నన్నూ, కుట్లనూ మార్చి మార్చి చూశాడు. తనే మూత బిగించి, గోడకు తగిలించి, ట్యాంకులోంచి దింపిన వైర్లను వదిన దానికి కలిపాక మోటారు వేశాడు. ముగ్గురం పైకి చూస్తూ నిలబడ్డాం. ఏజెంటు మాత్రం గడియారం చూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. పొంగే వేళ అయింది, ఇంకా ఏమీ లేదు. అప్పుడు మోగింది. బాపు మోటారు ఆపి, గోడ దగ్గరికి పోయి, అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది.

"ఏమనుకోకు అన్నా," అన్నాడు ఏజెంటుతో. "తెగినదాన్ని గిట్ల కుట్టెటోళ్లకు గాక రిపేరు కొట్టు ఇంకెవ్వలకిస్త?"

వదిన కళ్లు తుడుచుకుంటుందని నేను అనుకున్నాను. ఆమె తాపీగా, "మరి కొసరు, మామా?" అంది.

"కొసరేంది?"

"గదికి ఎన్క దిక్కు ఒక కిటికి. పొగ పోవాలె."

బాపు నా వైపు ఒక చూపు చూశాడు. ఇరవై ఏళ్లు నాకు నేర్పిన విద్య ఎవరికి అబ్బిందో అప్పుడు అర్థమైనట్టుంది.

ఆ కిటికీ ఇప్పటికీ ఉంది. వదిన చేతిలో టీవీలు, ఇన్వర్టర్లు ఎన్ని బాగుపడ్డాయో. ఎర్ర డబ్బా రంగు కాస్త వెలిసింది గాని, లోపల అవే కుట్లు. కొత్తది చేస్తానంటే బాపు ఒప్పుకోడు. మొన్న ఆమె మళ్లీ ఒక రాగి పలకను టబ్బులో వేసి, ఫోను వస్తే నన్ను పిలిచింది. తల నెరుస్తున్న మనిషిని, కొట్టు యజమానిని, రెప్ప వెయ్యకుండా టబ్బు మీద వంగి నిలబడ్డాను. ఈసారి ఒక్క క్షణం కూడా ఎక్కువ కానివ్వలేదు. వదిన వచ్చి, పలకను తిప్పి, మూలన ఇంకా మిగిలిన పల్చటి రాగి పొరను చూపించింది.

"ఈసారి తక్కువ తూచినవ్, మరిదీ," అని దాన్ని మళ్లీ టబ్బులో వేసి, తనే అర నిమిషం ఊపింది.