సాంచెలు ఆగితే లేచే పాప

రెండేళ్ల కిందట కరీంనగర్‌లో ఒక పేరున్న నవలా రచయిత్రికి సన్మానం జరిగింది. ఆరు నెలల పాపను ఒడిలో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నాను. ఆవిడ నవల నేత కుటుంబాల గురించి. మాది సిరిసిల్ల, ఇంట్లోనే సాంచెలు, అంటే మరమగ్గాలు నడుస్తాయి. అందరూ పొగిడాక, పాఠకులను కూడా మాట్లాడమన్నారు. అసలే భయస్తురాలిని, ఎలా లేచానో తెలియదు.

"మేడమ్, సాంచెల చప్పుడుకు పసిబిడ్డ ఉలిక్కిపడి లేచిందని రాసిండ్రు. మా దగ్గర గట్ల లేవరు. కరెంటు పోయి సాంచెలు ఆగితేనే లేస్తరు" అన్నాను.

పక్కనే ఉన్న మా ఆయన నా కొంగు లాగి, "జర కూసో! ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నారు. పెద్దావిడను నలుగురిలో చిన్నబుచ్చానని గబుక్కున కూర్చున్నాను.

ఆవిడ వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు. "మీ ఇంటికి ఒకసారి రావచ్చా అమ్మా?" అని అడిగారు.

మరుసటి వారం నిజంగానే వచ్చారు. సాంచెల మోతలో హాయిగా నిద్రపోతున్న పాప పక్కన కూర్చున్నారు. ఇంతలో కరెంటు పోయింది. పాప కెవ్వుమంది. "సూసిండ్రా మేడమ్, మా బిడ్డ సాచ్చెం చెప్పింది!" అని మా అత్తమ్మ అంటే ఆవిడ పకపకా నవ్వారు.

రెండో ముద్రణలో ఆ వాక్యం మారింది. అంత పేరుండీ నా మాట విన్న ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పుస్తకంలో నా పేరు లేదు. కానీ ఆ పేజీలో లేచి ఏడ్చేది మా పాపే.