ఉయ్యాలలో పిల్ల లేవకుండా

నా చిన్నప్పుడు జనగామలో మా బడి వెనక సిమెంటు గచ్చు మీద బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లం. జట్టులో అందరికన్నా పొట్టిదాన్ని నేనే. ఎదుటివాళ్ల చేతులు దాటి బంతి అందుకోవాలంటే బాగా ఎగరాలి. ఎవరో చెప్పగా విని, పాత ప్యాంటు కాళ్లు కత్తిరించి, ఇసుక నింపి, చీలమండలకు కట్టుకుని పొద్దూ మాపూ ఆ గచ్చు మీదే ఎగిరాను.

ఎత్తు అందలేదు గానీ మోకాలు వాచింది. జిల్లా జట్టుకు ఎంపిక దగ్గరపడుతోంది. నాయినకు తెలిస్తే ఆట మాన్పిస్తాడని, ఇంట్లో కుంటకుండా నడవడానికి నానా తంటాలు పడేదాన్ని. కాలు ఇక బాగుపడదేమోనని లోపల ఒకటే గుబులు.

పక్కింటి అక్క నా నడక చూసి కనిపెట్టింది. కాలేజీలో తనూ ఆడిన మనిషే; అప్పటికి చంటిపిల్ల తల్లి. కోప్పడకుండా దవాఖానకు తీసుకుపోయింది. ఎముకకు ఏమీ కాలేదని, కొన్నాళ్లు ఎగరకుంటే చాలని డాక్టరు చెప్పగానే అక్కడే ఏడ్చేశాను. నాయినకు నచ్చజెప్పింది కూడా అక్కే.

వాపు తగ్గాక వాళ్ల మట్టి వాకిట్లో పీట వేసి నన్ను ఎక్కమంది. వసారాలో ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది.

"ఎగురుడు నీకొచ్చు, దిగుడే రాదు. గీ పీట మీదికెల్లి దుంకు. పిల్ల లేస్తే నువ్వే ఊకోబెట్టాలె."

దభీమని దిగాను. పిల్ల గుక్కపట్టింది. దాన్ని భుజాన వేసుకుని వాకిలంతా తిరిగాను. అక్క మాత్రం నవ్వుతూ, మునివేళ్లు ముందు ఆనించి, మోకాళ్లు వంచి, నడుము కాస్త వెనక్కి వదిలి ఎలా దిగాలో చేసి చూపించింది. అలా వంగిన కాళ్లే మళ్లీ పైకి లేపుతాయని చెప్పింది.

రోజూ అదే పని. ఒక సాయంత్రం దిగితే చప్పుడు నాకే వినపడలేదు. పిల్ల కదల్లేదు. మోకాలు కలుక్కుమనలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది.

"ఇగ ఎగురు, పో," అంది అక్క.

ఎంపికనాడు నాకన్నా పొడుగు పిల్లల మధ్య నుంచి బంతి అందుకున్నాను. జట్టులోకి తీసుకున్నారు.

ఇప్పటికీ ఎక్కడైనా ఆడపిల్లలు ఆడుతుంటే నా చూపు రింగు మీద నిలవదు, వాళ్ల పాదాల మీదికే పోతుంది. మెత్తగా దిగారా, హమ్మయ్య అనుకుని ముందుకు నడుస్తాను.