మామ్మ నడిచిన బూడిద గుంట

మొన్న బాపట్ల వెళ్తుంటే కర్లపాలెం దాటగానే నాలుగు చినుకులు పడ్డాయి. ఆటోలోకి తడిసిన బొగ్గు బూడిద వాసన కొట్టింది. ఇన్నేళ్లయినా ఆ వాసన ఇట్టే గుర్తుపట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మా చిన్నప్పుడు బూడిదంటే పొయ్యిలోదే. సరుగుడు పుల్లలు, కొబ్బరి మట్టలు కాలిన ఆ మెత్తటి బూడిదని మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, జల్లించి డబ్బాలో పోసుకుని, చింతపండు పిప్పితో కలిపి ఇత్తడి బిందెలు తళతళలాడేలా తోమేది, చిక్కుడు పాదుకి పేను పడితే చల్లేది, క్రిస్మస్‌కి అరిసెలు వండిన మూకుడు జిడ్డు వదలగొట్టేది. పక్కింటివాళ్లు బూడిద పెంట మీద పోస్తే, దుబారా మనుషులని సణిగేది.

ఆ రోజుల్లోనే, కర్లపాలెం పక్కనున్న మా పేట వెనక ఒక మిల్లు పెట్టారు. బాయిలర్లో కాలిన బొగ్గు బూడిదని నీళ్లతో కలిపి, గొట్టంలోంచి పాత మట్టి గుంటలోకి వదిలేవారు. ఎండాకాలానికి పైన పెచ్చు కట్టి, బీటలు వారి, అచ్చం కోతలయిన వరి చేనులా ఉండేది. కంచె లేదు, బోర్డు లేదు. ఇంత బూడిద ఊరికే పోతోందని మామ్మ ప్రాణం కొట్టుకుంది. గట్టున తీసిందానితో తోమితే బిందెలు గీతలు పడ్డాయి, ఆవిడ వేళ్లు పగిలాయి. అయినా వింటేనా! "బూడిద బూడిదేనే. నడుమ మెత్తగా ఉంటది" అని నాతో చెప్పి, ఒక మధ్యాహ్నం గంప పట్టుకుని గుంట మధ్యకి నడిచింది. నేను గట్టు మీదే ఉన్నాను.

పెచ్చు విరిగింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. చూస్తుండగానే నడుము దాకా దిగిపోయింది, కదిలినకొద్దీ ఇంకా దిగుతోంది. ఎలా పరిగెత్తానో తెలీదు, నాన్నని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆయన లుంగీ ఎగ్గట్టి దిగబోయాడు.

"రాకురా అబ్బాయ్, నువ్వూ దిగిపోతావ్" అంది మామ్మ. అప్పటికే ఛాతీ దాకా వచ్చింది. "ఇది బూడిద కాదురా. బురద."

అమ్మ స్నానాల దొడ్డికి కట్టిన తడిక పీక్కొచ్చింది. దాన్ని పెచ్చు మీద పరిస్తే, నాన్న బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లాడు. అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ ఆయన కాళ్లు పట్టుకున్నారు. తడిక సందుల్లోంచి బూడిద నీళ్లు ఊరుతున్నాయి. నాన్న విసిరిన తువ్వాలు మొదటిసారి అందలేదు. నేను ప్రార్థన చేద్దామనుకుని, అది గుర్తు రాక ఎక్కాలు అప్పజెప్పాను. రెండోసారి మామ్మకి కొస దొరికింది. ఎంతసేపు లాగారో, చివరికి ఆవిడ గట్టెక్కింది.

బతికింది గానీ, నేలంటే నమ్మకం పోయింది. సొంత వాకిట్లో కూడా నా చెయ్యి పట్టుకుని, కాలి వేళ్లతో ముందు తడిమి అడుగేసేది. పోయేదాకా అంతే. పాడు మిల్లు, గంతులేసే మనిషిని ఒక్క పూటలో ముసలిదాన్ని చేసింది. ఆ కోపం నాకింకా చావలేదు.

మొన్న ఆటో ఆపించి చూశాను. మిల్లు మూతపడింది. గుంటలో నీళ్లు తోడేసి, కొంత బూడిద ఇటుకలకి తోలి, మిగిలిందాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, ఆపైన ఎర్రమట్టి పరుస్తున్నారు. ఒక పక్క గడ్డి మొలిచింది. పేటలో కట్టెల పొయ్యిలు లేవు, బూడిద డబ్బాలూ లేవు.

"రండమ్మా, గట్టిపడిపోయిందండి" అన్నాడు పని చేయిస్తున్నాయన.

చెప్పులు విడిచి గడ్డి మీద కాలి వేళ్లు ఆనించాను. రెండో అడుగు పడలేదు. ఎడమ చెయ్యి దానంతటదే పక్కకి చాచుకుని, పట్టుకునే చేతి కోసం వెతికింది.