తీగ మీది నైలాన్ చీర

మా క్వార్టర్ల లైనులో నైలాన్ చీరలకు చిల్లులు ఎందుకు పడ్డాయో నాకు తెలుసు. పదేళ్లు ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివర ఓడరేవు దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో అసిస్టెంటుగా చేసేవాణ్ణి. లెడ్ పెరాక్సైడ్ పూసిన గుడ్డను గొట్టానికి చుట్టి, క్వార్టర్ల మీద చెక్కపెట్టెల్లో వేలాడదీయడం నా పని. నెలకోసారి దాన్ని విప్పి పరీక్షిస్తే గాలిలో గంధకపు వాయువు ఎంత ఉందో తెలిసేది.

లైనంతటి బట్టలూ ఒకామె ఉతికేది. వేకువనే ఉతికి మా వెనక తీగల మీద ఆరేసేది. ఆ శీతాకాలం చీరల మీద ఆవగింజంత చిల్లులు కనబడ్డాయి. బ్లీచింగు ఎక్కువ వేస్తోందని మొదట అన్నది నా భార్యే.

ఒక ఉదయం తీగ మీది చీరకు, యాసిడ్ తగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాగితం అద్దాను. ఎర్ర చుక్కలు తేలాయి. మా ఫ్యాక్టరీ పొగగొట్టం దాటేటప్పుడు ఆ గంధకం ఉత్త వాయువే. ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తుంది. మంచు, మసి తోడైతే ఆ పని త్వరగా జరిగి సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. ఆ తుంపరే గుడ్డ మీద వాలింది.

కాగితం మా ఆఫీసరుకు చూపించాను. బట్టల సంగతి మన రిపోర్టులో లేదు కదా అని సొరుగులో పడేశాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మళ్లీ నా గొట్టాల పనికి వెళ్లిపోయాను.

ఆమె నా దగ్గరకే వచ్చింది.

"బాబూ, నువ్వు మందులతో పని సేత్తావు గదా. బ్లీచింగు నాను ముట్టనేదు. మరి ఇదేటి?"

నీళ్లలో ఏదో ఉండొచ్చన్నాను.

మర్నాటి నుంచి ఆమె కొండవార నూతి నుంచి బిందెలు మోసింది. చిల్లులు ఆగలేదు. ఒక్కో ఇల్లూ ఆమెకు బట్టలు వేయడం మానేసింది. మేమూ మానేశాం. చివరికి భీమునిపట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

నిరుడు మద్దిలపాలెంలో భీమునిపట్నం బస్సెక్కాను. ఆమె కూతురి ఇంటి గుమ్మంలో ఇస్త్రీ చేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. ఇస్త్రీ పెట్టె ఆపలేదు.

"కొండకాడి నీల్లు తెచ్చినా సిల్లులు ఆగనేదు బాబూ."

"నీళ్లలో ఏటీ లేదప్పా. మా పొగ గాలిలో యాసిడ్ అయి పడింది. నాకప్పుడే తెలుసు. నీ మీద మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది. క్షమించు."