ధర్మలింగం పీకిన చోటు

వేరు చూడందే దేన్నీ నమ్మని మనిషి ధర్మలింగం. నమ్మడు మరి! పట్నంలో ప్యారిస్ అనే బజారులో తాతల నాటి నాటుమందుల కొట్టు ఆయనది. వట్టివేళ్ల మూట దిగిందంటే చాలు, మధ్యలోంచి ఒక పిడికెడు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. నచ్చిందా, లోపలికి. నచ్చలేదా, వచ్చిన బండి మీదే వెనక్కి. పెళ్లిచూపులనాడు అలివేలమ్మ తెచ్చిన కాఫీని కూడా అట్లాగే వాసన చూశాడట. ఆ మాట ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

కాపురం మాధవరంలో, ఏటి ఒడ్డు వీధిలో. వానలు ముదిరి ఎగువ చెరువు తూములు ఎత్తితే ఆ నీళ్లన్నీ వీళ్ల పెరళ్ల వెనకగానే పోవాలి. ఒక ఏడు అట్లా పోలేదు, తిన్నగా ఇళ్లలోకే వచ్చాయి. అప్పట్నుంచి వీధి వీధంతా ఒకటే పాట, కాంక్రీటు గోడ కావాలని.

అలాంటి వీధికి గోడ వద్దని చెప్పింది ఎవరో కాదు, ధర్మలింగం కూతురు అక్షయే. ఏటి గట్ల పనులు చూసే ఇంజనీరు. వీధి మీటింగులో లేచి నిలబడింది. "గోడ కడితే ఏరు ఇరుకైపోయి వడి పెరుగుతాది. మన వీధిలో పడ్డ వానకి పోయే దారి లేక ఈడనే నిలుస్తాది. గట్టుని వెనక్కి జరిపి వాలుగా చేద్దాం, ఏటికి కొంచం చోటిద్దాం. అడుగున రాళ్లు, పైన కొబ్బరిపీచు వల, దాంట్లో వట్టివేరు మొక్కలు. నీళ్ల పక్కన జమ్ముని ఉన్నట్టే ఉండనిద్దాం. కొంగలకీ నీటికోళ్లకీ అదే కదా ఇల్లు."

"గడ్డి వచ్చి వరదని ఆపుతాదా తల్లీ?" అన్నాడు ఎదురింటి చెంగల్రాయుడు. అందరూ గొల్లుమన్నారు. అక్షయ మొహం చిన్నబోయింది.

అది చూడలేక లేచాడు ధర్మలింగం. "వట్టివేరు సంగతి నాకు చెప్తావా చెంగల్రాయా? ఎండి మూటకెక్కినాక కూడా మన్ను వదలదయ్యా అది! ఈ గట్టు జారితే నన్నడగండి. పూచీ నాది."

కల్తీ సరుకు ఎరగని కొట్టువాడి మాట. వీధి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆయనకు బెంగ పట్టుకుంది. గట్టు జారితే? ఇళ్లు మునుగుతాయి, తన పరువు మునుగుతుంది. అన్నిటికంటే, ఆ పిల్ల ఇంక ఏ మీటింగులోనైనా తలెత్తి మాట్లాడగలదా?

ఆడి మాసంలో, పెద్ద వానలకు మూడు నెలల ముందు, గట్టు మీద వరసలు వరసలుగా మొక్కలు నాటారు. ఇక చూడండి, పొద్దున్నే పాల బూత్‌కని బయలుదేరే పెద్దమనిషి దారి మార్చేశాడు. ఏటి మెట్ల దగ్గర ఆగుతాడు. అటూ ఇటూ చూస్తాడు. ఒక దుబ్బుని పట్టుకుని లాగి, వేరు చూసి, వాసన చూసి, మళ్లీ గుంటలో పెట్టి మన్ను నొక్కుతాడు. ఏమీ ఎరగనట్టు పాల పాకెట్లతో ఇల్లు చేరతాడు. మర్నాడు ఇంకోటి.

కొన్నాళ్లకు ఆ దుబ్బులు పసుపెక్కాయి. ధర్మలింగం మేకల్ని తిట్టాడు, నర్సరీవాణ్ణి తిట్టాడు, చివరికి కూతుర్నే పిలిచాడు. "ఏం మొక్కలమ్మా ఇవి? ఒక్కటీ వేరు పట్టలా!"

అక్షయ వచ్చి చూసింది. గట్టు పొడుగునా దుబ్బులు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. ఎండింది మెట్ల పక్కన, మనిషి చెయ్యి అందే మేర మాత్రమే.

"వేరు పట్టలేదని నీకెట్ల తెలుసు నాయనా?"

ధర్మలింగం ఏటి వైపు చూశాడు.

"ఎట్లేముంది, పీకి చూసుంటాడు," అంది వెనకే వచ్చిన అలివేలమ్మ. "పొయ్యి మీద అన్నం పెడితే ఉడికిందా ఉడికిందా అని మూత తీస్తానే ఉంటాడు. ఇంక అది ఉడికేదెప్పుడు? రోజూ చేతులకి ఈ మన్నేందా అనుకుంటి!"

అక్షయ నవ్వలేదు. "నీ మాట మీద కదా వీధంతా నన్ను నమ్మింది. నువ్వే నమ్మలేదా నాయనా?" అంది. కళ్లు తడయ్యాయి. ధర్మలింగం సిగ్గుతో చచ్చిపోయాడనుకోండి.

మళ్లీ నాటినా ఊనుకునే టైము లేదు. ఐప్పసి మాసం వానలు నెత్తి మీదికొచ్చేశాయి. ఆ కాస్త మేర ఇసుక మూటలు పేర్చి ఊరుకున్నారు.

తూములు ఎత్తిన పొద్దున వీధంతా మేడల మీదే ఉంది. ఏరు ఎర్రగా, బారుగా వచ్చింది. కొత్తగా ఇచ్చిన చోటులోకి పరుచుకుని వాలు మీదికి పాకింది. వట్టివేరు దుబ్బులు నీళ్లలో పడుకుండిపోయాయి. ధర్మలింగం గట్టునే చూస్తూ వానలో నిలబడ్డాడు. చేతిలో గొడుగు ముడిచే ఉందని కూడా ఎరగడు. వీధిలో పడ్డ నీళ్లు మాత్రం నిలవకుండా జరజరా ఏట్లోకి పోతున్నాయి.

సాయంత్రానికి ఏరు దిగింది. దుబ్బులు ఒక్కొక్కటే తల ఎత్తాయి. గట్టు చెక్కు చెదరలేదు, మెట్ల పక్కన తప్ప. అక్కడ మంచమంత మేర మన్ను ఇసుక మూటలతో సహా జారిపోయింది.

"అదిగో, జారింది! ఇదేనా మామా నీ పూచీ?" అన్నాడు చెంగల్రాయుడు.

అక్షయ ఏదో చెప్పబోయింది. ధర్మలింగం చెయ్యెత్తి ఆపాడు. "గడ్డి తప్పు కాదయ్యా, నా తప్పు. భయమేసి రోజుకొకటి పీకి చూస్తిని. పీకిన చోటే జారింది. పీకని చోటంతా ఎట్లుందో నువ్వే చూడు."

వీధి గట్టుని చూసింది, ఆయన్ని చూసింది. ముందు అలివేలమ్మకు నవ్వొచ్చింది, తర్వాత అందరికీ. చెంగల్రాయుడు కూడా ఆపుకోలేకపోయాడు.

నీళ్లు బాగా తీశాక ఆ గుంట పూడ్చి, వల పరిచి, దుబ్బులు తానే నాటాడు ధర్మలింగం. ఊహ తెలిసినప్పట్నుంచీ వేళ్లు అమ్మిన మనిషి ఒక వేరుని పెరగమని మట్టిలోకి పంపడం అదే మొదలు.

ఇప్పుడూ పాలకు ఆ దారినే పోతాడు, చేతులు వెనక్కి కట్టుకుని. జమ్ము పక్కన నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటే కాసేపు నిలబడి చూస్తాడు. మొన్న చెంగల్రాయుడూ వెంట వచ్చాడు. కొత్త దుబ్బుల ముందు వంగి, "పట్టిందో లేదో, ఒక్కటి లాగి చూద్దామా మామా?" అన్నాడు.

"చెయ్యి తియ్యి ముందు!" ధర్మలింగం అరిచిన అరుపుకి నీటికోళ్లు జమ్ములో దూరాయి. "పట్టింది."

"నువ్వు చూసినావా?"

"మా అక్షయ చెప్పింది."