మామ చేత తమిళంలో చెప్పించాను

అమ్మ వండేది విషమని తమ్ముడు తిండి మానేశాడు. ఆంబూరులో బిర్యానీ తిందామని చెప్పి గుడియాత్తంలో కారెక్కించాం. హైవేలో కారు వేలూరు వైపు తిరగగానే వాడికి అర్థమైంది. తలుపు తీయబోతే అటు నేను, ఇటు మా మేనమామ చేతులు పట్టుకున్నాం. ఆసుపత్రిలో చేర్చాం.

ఆ మామే ఊరికి తిరిగొచ్చి, ఇల్లు రాయించుకోడానికి అన్నే తమ్ముణ్ణి పిచ్చాసుపత్రిలో వేశాడని వీధంతా చెప్పాడు. మా ఇళ్లలో తగాదాలు తెలుగులోనే నడుస్తాయి, పక్కనుండే తమిళవాళ్లకు తెలియకూడదని. ఈ మాట మాత్రం తమిళంలో చెప్పాడు. అమ్మ వీధి కొళాయి దగ్గరికి పోవడం మానేసింది.

అంతటితో ఆగలేదు. వార్డుకొచ్చి తమ్ముడి చెవిలో, "మాత్రలు మింగొద్దు నాయనా, నేను విడిపిస్తా" అన్నాడు. ఆ పూట నుంచి వాడు మాత్రలు ఉమ్మేస్తున్నాడు. ఇట్లాగైతే నయం కాదన్నాడు డాక్టరు.

ఆ వార్డులో రోగితో పాటు ఇంటివాళ్లొకరు ఉండాలి. నా పాసు మామ చేతిలో పెట్టాను.

"వానిమీద ప్రేముండేది నీకే కదా మామా. నువ్వే ఉండు."

చూడ్డానికొచ్చిన అత్త ముందర కాదనలేకపోయాడు.

తమ్ముడు ఎవరు అన్నం పెట్టినా మొదటి ముద్ద వాళ్ల చేతే తినిపిస్తాడు. మామ చేత సగం కంచం తినిపించి, "ఇంకా చావలేదే, చూస్తాం ఉండు" అన్నాడట. నాలుగు రోజులకే మామ ఫోన్ చేశాడు.

"స్నానానికి కూడా పోనీడప్పా. వీణ్ణి ఇట్లే ఇంటికి తెస్తే మీ అమ్మ బతకదు. వైద్యం జరగనీ."

"ఆ మాట వానితో చెప్పు. మాత్ర నీ చేత్తోనే ఇయ్యి. తరవాత వీధిలో చెప్పు, తమిళంలో."

మామ మాత్ర అందిస్తే తమ్ముడు, "ముందు నువ్వు మింగు" అన్నాడట. నర్సు నవ్వాపుకొని మామకొక విటమిన్ మాత్ర ఇచ్చింది. ఇద్దరూ మింగారు.

ఊరికి తిరిగొచ్చాక, నీళ్లొచ్చే రోజు మామను కొళాయి దగ్గరికి తీసుకుపోయాను. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య, తాను చెప్పింది అబద్ధమని తమిళంలో గొణిగాడు.

"గట్టిగా మామా, వెనకుండేవాళ్లకు వినపడలే."

మళ్లీ చెప్పాడు.

తమ్ముడిప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ వడ్డిస్తే తింటాడు. బలవంతంగా తీసుకుపోయినందుకు నాతో మాటల్లేవు. మామ వచ్చి "ఏం నాయనా" అనగానే లేచి లోపలికి పోతాడు. నేను మామకు కాఫీ ఇచ్చి, నిదానంగా తాగమంటాను.