బొమ్మలో దారి

మా బావ బొమ్మలు వేసేవాడు. మేనత్త కొడుకు, ఆపైన మొగుడు. పెళ్లయ్యాక కూడా బావ అనే పిలిచేదాన్ని. రాజాం దగ్గర మాకు కాస్త వరి, కాస్త మెట్ట ఉండేవి. పొలం నేను చూసుకునేదాన్ని, కొండలు ఆయన చూసేవాడు. నీళ్ల రంగులు, నూనె రంగులు చాలక జేగురు, నీలిమందు, దీపం మసి కూడా వాడేవాడు. అట్ట దొరికితే అట్ట మీద, లేకపోతే గోనెపట్టా మీద. నా వంటింట్లో పసుపు డబ్బా ఎప్పుడు చూసినా ఖాళీయే. తిట్టేదాన్ని. తీరా ఆ కొండల బొమ్మ చూశాక, అంత పచ్చదనం, అంత ఎరుపు నా కళ్లకెందుకు కనబడలేదా అనిపించేది.

ప్రతి కొండ మీదా ఆయన ఒక దారి వేసేవాడు. చెట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పైకి పోయే ఎర్రటి దారి. నిజానికి అక్కడ దారీ లేదు, డొంకా లేదు. అడిగితే, "దారి లేకపోతే సూసినోడు బొమ్మ బయటే నిలబడిపోతాడే" అనేవాడు. కొనేవాళ్లకూ ఆ దారే నచ్చేది.

అరవైల చివర్లో కొండల్లో గొడవలు ముదిరాయి. అడవిలో దాక్కున్న దళాల కోసం ఎక్కడ చూసినా పోలీసు క్యాంపులు. అటు వెళ్లొద్దని నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను. మాట విన్నాడు. ఇంట్లోనే కూర్చుని గుర్తున్నవి వేసుకున్నాడు.

రాజాంలో ఒక బట్టల కొట్టులో ఆయన వేసిన బొమ్మ వేలాడేది. చీరలు కొనడానికి వచ్చిన ఒక పోలీసు అధికారి దాని ముందు ఆగిపోయాడట. మర్నాడు ఆ బొమ్మ చంకన పెట్టుకుని మా వాకిట్లో జీపు దిగాడు.

"ఈ కొండ మాకు తెలుసు. ఈ దారి తెలీదు. వచ్చి చూపించు."

"అక్కడ దారి లేదు బాబూ. అందం కోసం ఏసినాను."

"లేని దారికి ఇన్ని మలుపులా?"

నేను లోపలికి పరుగెత్తి ఇంకో బొమ్మ తెచ్చాను. "సూడండి బాబూ, మా పాకని మేడ సేసి ఏసినాడు. ఈయనేసినవన్నీ లేనివే." దానివైపు చూడనైనా చూడలేదు. బావని జీపు ఎక్కించారు.

కొన్నాళ్లకు నడుచుకుంటూ వచ్చాడు. పాదాలు వాచి ఉన్నాయి. వీపు నన్ను చూడనివ్వలేదు. బతికొచ్చాడు, నాకదే చాలు. ఏడుస్తూనే అడిగాను, "దారి లేదంటే నమ్మీసినారా?"

"నమ్మలేదే. లేని దారి ఎలా సూపిత్తాను? ఉన్న దారి సూపీసినాను."

అది కొండ అవతలి వైపు కాలిబాట. ఏ బొమ్మలోనూ వేయనిది. ఆ బాట పోయేది ఒక చిన్న సవర గూడేనికి.

ఆ తర్వాతి సంతకు ఆ గూడెం నుంచి ఒక్కరూ దిగలేదు. ఇళ్లు తగలబెట్టారని, మగాళ్లను లారీ ఎక్కించారని జనం చెవులు కొరుక్కున్నారు. బావ కూడా విన్నాడు. ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పక్కన కూర్చుని సర్దిచెప్పబోయాను.

"నువ్వేటి సేస్తావు బావా? సూపించకపోతే నిన్ను సంపీసేవోలు. ఆలెవులో, మనమెవులమో."

నా వైపు చూడకుండానే అన్నాడు.

"కొండకెల్లినప్పుడల్లా ఆలింట్లోనే గంజి తాగి తొంగున్నానే."